మిగిలిన గంట ఎవరిది?

2024 మార్చి మధ్యలో, లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వెలువడడానికి సరిగ్గా ముందు, కేంద్ర ప్రభుత్వం జీవిత బీమా సంస్థ ఉద్యోగుల వేతన సవరణను ఆమోదించింది. పెంపు 17 శాతం. అమలు 2022 ఆగస్టు 1 నుంచి. లక్షకు పైగా ఉద్యోగులకు లబ్ధి చేకూరుతుందని ప్రకటించారు. ఎన్నికల తాయిలాల జాబితాలో ఒకటిగా ఆ వార్త వచ్చింది, మర్నాటికి పాతబడింది. ఆ జీతం పెంచినది ఎవరన్న ప్రశ్న ఎక్కడా వినబడలేదు. సంస్థ యాజమాన్యం పెంచలేదు. యాజమాన్యానికీ ఉద్యోగ సంఘాలకూ మధ్య చేవ్రాళ్లతో కుదిరిన ఒప్పందమూ కాదది. చర్చలు జరిగిన మాట నిజమే. కాని వాటి ఫలితం ఢిల్లీకి వెళ్లే సిఫారసు మాత్రమే. ఢిల్లీ గెజిట్‌లో అచ్చువేసినదే శాసనం. గెజిట్‌లో మూల వేతనం ఉంటుంది, కరువు భత్యం ఉంటుంది. ఒక గుమాస్తా ఎన్ని పాలసీల బాగోగులు చూడాలి, పదవీ విరమణ చేసినవారి కుర్చీలో ఎవరు కూర్చోవాలి అన్నవి వేతన నియమాలలోకి రావు. అవి రాగల మరొక చోటు ఒకప్పుడు ఉండేది.

బీమా కార్యాలయాల పనిభారం గురించి మాట్లాడేవారు అటు ఉద్యోగుల పక్షాన ఉన్నా, ఇటు పాలసీదారుల పక్షాన ఉన్నా, అంకెలతోనే మొదలుపెడతారు. ఇన్ని కోట్ల పాలసీలు, ఇంతమంది సిబ్బంది, తలకు ఇన్ని. అంకెలు అవసరమే. అయితే ఈ సంస్థ 70 ఏళ్ల చరిత్రను చూస్తే అసలు తగాదా అంకెల మీద కాదని తెలుస్తుంది. విలీనం వల్లనో, యంత్రం వల్లనో, పునర్వ్యవస్థీకరణ వల్లనో ప్రతి దశలోనూ శ్రమ కొంత ఆదా అయింది. ఆదా అయిన ఆ గంట ఉద్యోగికి విశ్రాంతిగా దక్కాలా, పాలసీదారుకు మెరుగైన సేవగా దక్కాలా, ఖజానాకు మిగులుగా చేరాలా? ఈ ప్రశ్నను ఎదురెదురుగా కూర్చుని తేల్చుకునే బల్ల ఒకటి 1981 దాకా ఉంది. దానిని తీసివేసింది యంత్రం కాదు, మార్కెటూ కాదు. పార్లమెంటు.

1956 జనవరి 19న బీమా ఆర్డినెన్సు వచ్చింది. ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్ ఆ సంగతిని రేడియోలో దేశానికి తెలిపారు. బిల్లు పెట్టి చర్చిస్తూ కూర్చుంటే ఆలోగా యజమానులు పెట్టెలు ఖాళీ చేస్తారన్న అనుమానం ప్రభుత్వానికి ఉండింది. అది ఊరక పుట్టిన అనుమానం కాదు. అంతకు నెల కిందటే ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో రామకృష్ణ డాల్మియా చేతిలోని భారత్ ఇన్సూరెన్స్ కంపెనీ నిధుల గల్లంతును బయటపెట్టారు. పాలసీదారుల సొమ్ముతో యజమానులు తమ ఇతర వ్యాపారాలను పోషించుకోవడం నాటి రివాజు. 1951లో బొంబాయిలో ఏర్పడిన అఖిల భారత బీమా ఉద్యోగుల సంఘం మొదటి నుంచీ కోరిన వాటిలో జాతీయీకరణ ఒకటి. తమ కంపెనీని తమ చేతి నుంచి ప్రభుత్వం తీసుకోవాలని ఉద్యోగులే కోరడం మన పారిశ్రామిక చరిత్రలో తరచుగా కనిపించే దృశ్యం కాదు.

154 భారతీయ కంపెనీలు, 16 విదేశీ కంపెనీలు, 75 ప్రావిడెంట్ సొసైటీలు, వెరసి 245. ఇవన్నీ సెప్టెంబరు 1న ఒకే సంస్థ అయ్యాయి. 1925లో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో స్థాపించిన ఆంధ్రా ఇన్సూరెన్స్, 1935లో ఆయనే నెలకొల్పిన హిందుస్థాన్ ఐడియల్ ఆ గుంపులోనివే. బందరు నేటికీ ఒక డివిజన్ కేంద్రంగా ఉండడానికి మూలం అక్కడుంది. కొత్త సంస్థకు 5 జోనల్ కార్యాలయాలు, 33 డివిజన్ కార్యాలయాలు, 212 శాఖలు. ఈ లెక్క చదవడానికి పొందికగా ఉంటుంది. చేసినవారికి అలా ఉండి ఉండదు. విలీనమైనా పాత పాలసీ షరతులు మారవు. ఏ కంపెనీ ఏ మాట ఇచ్చి ప్రీమియం వసూలు చేసిందో ఆ మాటను కొత్త సంస్థ నిలబెట్టాలి. అంటే 245 రకాల దస్త్రాలు, 245 రకాల నెంబర్లు, ఎవరి లెడ్జరు వారిది. పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్న ఇద్దరు గుమాస్తాలకు జీతాలు వేరు, సెలవులు వేరు, పని చేసే పద్ధతీ వేరు. వీటన్నిటినీ ఒక దారికి తేవడానికి ఏళ్లు పట్టింది. సిబ్బంది నిబంధనలు ఒక కొలిక్కి వచ్చింది 1960లో. జాతీయీకరణ చరిత్ర రాసినవారు దేశ్‌ముఖ్ ప్రసంగాన్ని గుర్తు పెట్టుకున్నంతగా ఈ చాకిరీని గుర్తు పెట్టుకోలేదు.

యాజమాన్య సంస్కృతి విషయానికి వస్తే, దాని పునాది రాయి పడడానికి ఏడాది కూడా పట్టలేదు. 1957 జూన్‌లో సంస్థ హరిదాస్ ముంద్రాకు చెందిన 6 కంపెనీల వాటాలను సుమారు కోటీ పాతిక లక్షల రూపాయలకు కొన్నది. పెట్టుబడుల కమిటీ ఒకటి ఉండగా దానిని అడగలేదు. డిసెంబరులో మళ్లీ ఫిరోజ్ గాంధీయే లోక్‌సభలో నిలదీశారు; నిలదీసినది సొంత మామగారి ప్రభుత్వాన్ని. జస్టిస్ ఎం.సి. చాగ్లా బహిరంగ విచారణ జరిపారు. ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి 1958 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. రాజకీయ చరిత్ర ఈ కుంభకోణాన్ని మంత్రి పతనంగా గుర్తుపెట్టుకుంది. ఉద్యోగ చరిత్ర దృష్టితో చూస్తే మరొక సంగతి పైకి వస్తుంది. చట్టం ప్రకారం స్వతంత్ర ప్రతిపత్తి కలిగిన సంస్థ; దాని ఛైర్మన్, మేనేజింగ్ డైరెక్టరు కాలం చెల్లినవారేమీ కాదు, అనుభవజ్ఞులు. ఆర్థిక శాఖ ముఖ్య కార్యదర్శి హెచ్.ఎం. పటేల్ కూర్చుని మాట్లాడారు. వారు తల ఊపారు. కాగితం లేదు, కమిటీ లేదు. బోర్డు గదిలో కూర్చున్నవారు కిందనున్న కౌంటరు వైపు కాక పైనున్న మంత్రిత్వ శాఖ వైపు చూడడం ఆనాడే అలవాటైంది. పటేల్ ఆ వివాదంతో సర్వీసుకు దూరమయ్యారు. ఆయన పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

పనిభారం అన్న మాట రాజకీయ నినాదంగా మారింది 1960ల మధ్యలో, కంప్యూటరు రూపంలో. అప్పటి డివిజన్ కార్యాలయపు పనిని ఊహించుకోవాలి. ప్రతి పాలసీకీ ఒక కార్డు. ప్రీమియం గడువు దగ్గరపడగానే నోటీసు రాయాలి, డబ్బు వచ్చాక ఖాతాలో ఎక్కించాలి, ఏజెంటు కమీషను లెక్కకట్టాలి, రాకపోతే లాప్సు అయినట్టు గుర్తించాలి, అప్పు ఇచ్చి ఉంటే వడ్డీ చూడాలి. రెండేళ్లకొకసారి మొత్తం పాలసీల విలువ కట్టాలి. బోనసు ఎంత అన్నది దాని మీదనే ఆధారపడుతుంది. పంచ్ కార్డు యంత్రాలు ఈ పనిలో కొంత భాగాన్ని అప్పటికే చేస్తున్నాయి. కొత్తగా వచ్చే కంప్యూటరు మిగతా భాగంలో అధిక పాలును చేయగలదు. వేలాది గుమాస్తాలు చేసే పని అది. కొత్త నియామకాలు ఆగిపోతాయని, ఉన్నవారు మిగులు సిబ్బందిగా తేలుతారని సంఘం వాదించింది. నిరుద్యోగం ముంచెత్తుతున్న దేశంలో, ఆహార ధాన్యాలకు ఓడల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, విదేశీ మారకం పోసి మనుషుల పని తీసివేసే యంత్రాన్ని ఎందుకు కొనాలన్న ప్రశ్న అప్పటి చెవులకు వింతగా తోచలేదు.

బొంబాయిలో కంప్యూటరు వచ్చింది. కలకత్తాలో రానివ్వలేదు. యంత్రాన్ని పెట్టదలచిన ఇలాకో హౌస్ ముందు బీమా ఉద్యోగులు, ఇతర కార్మిక సంఘాలవారు రాత్రింబవళ్లు వంతులు వేసుకుని కాపలా కాశారు. 1967లో పశ్చిమ బెంగాల్‌లో యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వం రావడంతో ఆ కాపలాకు రాజకీయ బలమూ చేకూరింది. యాజమాన్యం వెనక్కి తగ్గక తప్పలేదు. ఆటోమేషన్ మీద వి.ఎం. దండేకర్ అధ్యక్షతన కేంద్రం ఒక కమిటీని వేసింది. 1972లో అది నివేదిక ఇచ్చింది. కంప్యూటర్లు లేని దేశం ఈనాడు ఊహకందదు గనుక ఆ ఉద్యమాన్ని ఎగతాళి చేయడం తేలిక. ఎగతాళి చేసేవారు ఒక్క విషయం మరచిపోతారు. ఇలాకో హౌస్ ముందున్నవారు యంత్రం పని చేయదని అనలేదు. బాగా పని చేస్తుందనే అన్నారు. ఆ ఫలితాన్ని ఎవరు అనుభవిస్తారో ముందుగా రాసి ఇమ్మన్నారు. ఇక్కడ సంఘం వైపు లోపం కూడా చెప్పాలి. క్లెయిము సొమ్ము కోసం నెలల తరబడి తిరిగే వితంతువు ఆ వాదనలో ఎక్కడా లేదు. మిగిలే గంటకు ఆమె కూడా హక్కుదారేనని గట్టిగా చెప్పి ఉంటే, తర్వాతి దశాబ్దాల్లో మధ్యతరగతి సంఘాలకు అంత దూరమై ఉండేది కాదు. ఆ దూరమే 1990లలో ప్రైవేటీకరణవాదులకు పెట్టుబడి అయింది.

ఇక చట్టం సంగతి. ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఇదే, అన్నిటికంటే తక్కువగా చెప్పుకున్నదీ ఇదే.

1974 జనవరి 24న, తిరిగి ఫిబ్రవరి 6న, సంస్థకూ సంఘాలకూ మధ్య ఒప్పందాలు జరిగాయి. పారిశ్రామిక వివాదాల చట్టం కింద కుదిరిన ఒప్పందాలివి. మూడో తరగతి, నాలుగో తరగతి ఉద్యోగులకు వార్షిక వేతనంలో 15 శాతం బోనసు; గడువు 1977 మార్చి 31 దాకా. కేంద్రం ఆమోదం ఉన్న ఒప్పందమే. ఏడాదిన్నర తిరగకుండా ఎమర్జెన్సీ వచ్చింది. 1975 సెప్టెంబరులో బోనసు చట్టాన్ని ఆర్డినెన్సుతో మార్చారు. ఆపై ఏడాది మార్చిలో సంస్థ బోనసు చెల్లింపును ఆపివేసింది. ఉద్యోగులు కలకత్తా హైకోర్టుకు వెళ్లారు. ఒప్పందం ప్రకారం చెల్లించి తీరాలని 1976 మే 21న న్యాయమూర్తి తీర్పిచ్చారు. మే 29న పార్లమెంటు చట్టం చేసింది. ఎనిమిది రోజులు! వరదలొచ్చినా, కరువొచ్చినా అంత వేగంగా కదలని యంత్రాంగం గుమాస్తాల బోనసు విషయంలో కదిలింది. 1975 ఏప్రిల్ 1 నుంచి ఆ ఒప్పందంలోని బోనసు భాగం లేనట్టే భావించాలన్నది చట్ట సారాంశం.

ఇక్కడ యాజమాన్యం చేసిన పని చూడండి. హైకోర్టు తీర్పు మీద అప్పీలు వేసింది. చట్టం రాగానే ఇక అప్పీలు నడపనక్కరలేదని ఊరుకుంది. తీర్పు అలాగే నిలిచి ఉంది. 1978 ఫిబ్రవరి 21న మదన్ మోహన్ పాఠక్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు సభ్యుల ధర్మాసనం 1976 చట్టాన్ని కొట్టివేసినప్పుడు ఆ విషయాన్ని కూడా గుర్తుచేసింది. జస్టిస్ పి.ఎన్. భగవతి ప్రధాన తీర్పు రాశారు. కోర్టు తీర్పు ద్వారా దక్కిన సొమ్ము ఉద్యోగుల ఆస్తి. దానిని పరిహారం లేకుండా లాక్కోవడం రాజ్యాంగానికి సరిపడదు.

ఇది ఎమర్జెన్సీ చీకటిలోని ఒక ముచ్చటగా ముగిసి ఉంటే మనకు చెప్పుకోవడానికి సులువుగా ఉండేది. అలా ముగియలేదు. 1978లో ఢిల్లీలో ఉన్నది ఎమర్జెన్సీని ఓడించి గద్దెనెక్కిన జనతా ప్రభుత్వం. ఆర్థిక మంత్రి హెచ్.ఎం. పటేల్; 1957 నాటి ముఖ్య కార్యదర్శి. ఆయన హయాంలోనే సంస్థ 1974 ఒప్పందాన్ని ముగిస్తున్నట్టు నోటీసు ఇచ్చింది, సిబ్బంది నిబంధనలను సవరించి బోనసు తలుపు మూసింది. ఏడుగురు న్యాయమూర్తుల తీర్పు వెలువడిన కొద్ది నెలల్లోనే ఇదంతా. వ్యవస్థీకృత రంగ ఉద్యోగులు పేదల సముద్రం మధ్య అధిక వేతనాల దీవిలో ఉన్నారన్నది అప్పటి పాలకుల వాదం. ఆ వాదంలో నిజం బొత్తిగా లేదనను. కాని ఆ దీవి నుంచి తీసిన మట్టితో సముద్రంలో ఎవరికీ గట్టు కట్టలేదు.

వ్యవహారం మళ్లీ సుప్రీంకోర్టుకు చేరింది. 1980 నవంబరు 10న డి.జె. బహదూర్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, జస్టిస్ ఆర్.ఎస్. పాఠక్ మెజారిటీ తీర్పు చెప్పారు. జస్టిస్ కోషల్ విభేదించారు. మెజారిటీ చెప్పినది సూటిగా ఇది: ఒప్పందం గడువు తీరినా, ముగింపు నోటీసు ఇచ్చినా, దాని స్థానంలో మరొక ఒప్పందమో అవార్డో వచ్చేదాకా పాతదే నడుస్తుంది. యాజమాన్యం ఒంటిచేత్తో దానిని చెరిపివేయలేదు. మరో మాటలో చెబితే, బల్ల దగ్గరకు రాక తప్పదు.

అప్పటికి ఇందిరా గాంధీ తిరిగి అధికారంలోకి వచ్చారు. 1981 జనవరి 31న మరొక ఆర్డినెన్సు. వెనువెంటనే బీమా సంస్థ సవరణ చట్టం. 48వ సెక్షన్‌లో ఒక చిన్న ఉపనిబంధన చేర్చి, ఉద్యోగుల, ఏజెంట్ల సేవా షరతులను నియమాల ద్వారా నిర్ణయించే అధికారాన్ని కేంద్రానికి కట్టబెట్టారు. పారిశ్రామిక వివాదాల చట్టం ఏమి చెప్పినా సరే ఆ నియమాలదే పైచేయి. మరుసటి ఏడాది నచానే కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని వెనుకటి తేదీ నుంచి అమలు చేయరాదని, అంతకుముందు గెలుచుకున్న బోనసు చెల్లించాలని చెప్పింది. ముందుకు మాత్రం చట్టం నిలిచింది. పాత బాకీ గెలిచారు, భవిష్యత్తు ఓడారు. నాటి నుంచి ఈ సంస్థలో వేతనం ఒప్పందం కాదు, ప్రకటన. వేతనం మీద బేరం లేని చోట పని మీద బేరానికి విలువ ఉండదన్నది కార్మికోద్యమంలో పని చేసిన ఎవరికైనా తెలుసు. ఈ పని ఎక్కువైంది, దీనికి మనుషులను ఇవ్వండి, లేదా ప్రతిఫలం చూడండి అని అడగాలంటే ఎదుటివాడికి రెంటిలో ఒకటైనా ఇచ్చే అధికారం ఉండాలి. 1981 తర్వాత యాజమాన్యానికి పని అప్పగించే అధికారం మిగిలింది. ప్రతిఫలం నిర్ణయించే అధికారం ఢిల్లీకి పోయింది. దివాను లేని దర్బారులో అర్జీ పెట్టుకున్నట్టు అయింది వ్యవహారం.

కాకతాళీయమో కాదో గాని, సంస్థలో పని స్వరూపం సమూలంగా మారినదీ అదే కాలంలో. 1980లో ఎరా సెళియన్ కమిటీ సంస్థను ఐదు ముక్కలు చేయమన్నది. సంఘాలు దేశవ్యాప్తంగా ఎదిరించాయి. 1983లో వచ్చిన బిల్లు లోక్‌సభ రద్దుతో కాలం చేసింది. ముక్కలు చేయలేకపోయినా పనిని మాత్రం పంచారు. అప్పటిదాకా డివిజన్ కార్యాలయంలో జరిగే ప్రీమియం ఖాతాలు, అప్పులు, క్లెయిములు శాఖలకు వచ్చాయి. పాలసీదారుకు ఇది నిజమైన మేలు. తెనాలి వాడు పని కోసం బందరుకు ఉత్తరాలు రాసుకునే అవస్థ తప్పింది. వ్యాపారమూ ఎగిరింది. కొత్త వ్యాపారం 1957లో ఉన్న 200 కోట్ల నుంచి 1,000 కోట్లు దాటడానికి 1969-70 దాకా పట్టింది, 2,000 కోట్లకు మరో పదేళ్లు. అలాంటిది 1985-86 నాటికే 7,000 కోట్లు మించింది. సంస్థ తన చరిత్రను తాను చెప్పుకునేటప్పుడు ఈ అంకెలను సగర్వంగా చెబుతుంది. ఆ పెరుగుదలను మోసినవారిలో తాత్కాలిక ఉద్యోగులు కూడా ఉన్నారన్న వాక్యం మాత్రం అందులో కనబడదు.

1985 మే 20 నుంచి 1991 మార్చి 4 మధ్య పని చేసిన తాత్కాలిక, బదిలీ, పార్ట్‌టైమ్ సిబ్బంది వివాదం ట్రిబ్యునళ్లు, హైకోర్టులు, సుప్రీంకోర్టు తిరిగి తిరిగి మూడు దశాబ్దాలు నడిచింది. కౌంటరులో రద్దీ పెరిగినప్పుడు కొన్ని వారాలకు పిలవడం, హక్కు పుట్టే లోపు పంపివేయడం. 2022 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు చివరి మాట చెప్పింది. 11 వేలకు పైబడిన మందిని నియామక ప్రక్రియ లేకుండా గుత్తగా చేర్చుకోమనలేము. అర్హులైనవారికి చేసిన సేవలో ఏడాదికి 50 వేల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వండి. మరో వారానికి, మే 4న, సంస్థ వాటాల అమ్మకం సాధారణ మదుపరులకు తెరుచుకుంది. తీర్పులోని తర్కాన్ని కాదనలేము. కాని 1985లో పాతికేళ్ల వయసున్నవారు ఆ రోజుకు 60 దాటారు.

క్షేత్రస్థాయి కథ వేరు. డెవలప్‌మెంట్ ఆఫీసరు జీతగాడే, అయినా అతని జీతం అతను తెచ్చిన ప్రీమియంతో ముడిపడి ఉంటుంది. అతనిపై సంస్థ పెట్టే ఖర్చు, అతని ఏజెంట్లు రాబట్టే ప్రీమియంలో ఫలానా శాతం మించితే ఇంక్రిమెంటు ఆగుతుంది, ఉన్న జీతానికీ కోత పడవచ్చు. ఏజెంటు సంగతి చెప్పనే అక్కరలేదు. 13 లక్షలకు పైబడిన ఆ సైన్యానికి కమీషనే జీతం. వీరి ఒత్తిడంతా ఏటా ఒకే చోట పగులుతుంది: మార్చి. ఈ దేశంలో జీవిత బీమా చాలామందికి మృత్యువు నుంచి కుటుంబానికి రక్షణ కాదు, ఆదాయపు పన్ను నుంచి జీతానికి రక్షణ. పన్ను మినహాయింపు రసీదు కోసం జనవరి నుంచి పరుగు మొదలవుతుంది. ప్రతిపాదన పత్రాలు కుప్పలుగా పడేది అప్పుడే. సంస్థ వార్షిక లక్ష్యం పూర్తి కావలసిందీ అప్పుడే. మార్చి 31 రాత్రి శాఖలో దీపాలు ఆరకపోవడం ఉద్యోగుల అంకితభావానికి గుర్తుగా చెప్పుకుంటారు. ఆర్థిక బిల్లులోని ఒక సెక్షను దేశమంతటి శాఖల పనివేళలను శాసిస్తోందని చెప్పుకుంటే ఇంకా సరిగా ఉంటుంది. 2023-24 నుంచి మినహాయింపులు లేని కొత్త పన్ను విధానమే సాధారణ విధానమైంది. మార్చి రద్దీని ఇది ఏమి చేస్తుందో చూడాలి. రద్దీ తగ్గినా లక్ష్యం తగ్గదు.

యాజమాన్యం విమర్శను ఎలా స్వీకరిస్తుందో చెప్పే కేసు ఒకటుంది. సంస్థ ధ్యేయవాక్యం భగవద్గీత తొమ్మిదో అధ్యాయం నుంచి తీసుకున్నది. గృహపత్రిక పేరు కూడా అక్కడిదే, ‘యోగక్షేమ’. గుజరాత్‌కు చెందిన వినియోగదారుల ఉద్యమకారుడు మనూభాయ్ షా 1978లో సంస్థ పాలసీదారులకు అన్యాయం చేస్తోందని ఒక అధ్యయనం ప్రచురించారు. సంస్థ అధికారి ‘ది హిందూ’లో సమాధానం రాశారు, షా ప్రత్యుత్తరాన్ని కూడా ఆ పత్రిక వేసింది. సంస్థ మాత్రం తన అధికారి వ్యాసాన్ని గృహపత్రికలో పునర్ముద్రించి, షా జవాబుకు చోటివ్వనన్నది. అది మా ఇంటి పత్రిక, మా ఇష్టం అన్నది వాదన. 1992లో సుప్రీంకోర్టు దానిని తోసిపుచ్చింది. ప్రజాధనంతో నడిచే సంస్థ ఒక పక్షం మాటే వేసి రెండో పక్షం నోరు నొక్కితే వాక్‌స్వాతంత్ర్యానికి భంగమేనన్నది. బయటివాడి జవాబును ఒక పత్రికలో వేయించడానికి దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా నడిపించిన వ్యవస్థ లోపలి గుమాస్తా ఫిర్యాదును ఎలా విని ఉంటుందో ఎవరి ఊహకు వారికే వదిలేస్తాను.

1993లో రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు ఆర్.ఎన్. మల్హోత్రా అధ్యక్షతన కమిటీ వచ్చింది. మరుసటి జనవరి నాటికి నివేదిక సిద్ధం. సేవా లోపాలను, పని సంస్కృతిని తప్పుపట్టి ప్రైవేటుకు తలుపులు తెరవమన్నది. సంఘాలు కోటికి పైగా సంతకాలు సేకరించాయి. తలుపులు తెరవడం కొన్నేళ్లు వాయిదా పడింది, 1999 చట్టంతో తెరిచారు. ఈ నడుమ శాఖల్లోకి కంప్యూటర్లు వచ్చాయి, ఈసారి ఎవరూ కాపలా కాయలేదు. పని లేకుండా పోతుందన్న 1965 నాటి భయం ఉన్నవారి విషయంలో నిజం కాలేదు, ఎవరినీ తీసివేయలేదు. రావలసినవారి విషయంలో అక్షరాలా నిజమైంది. గుమాస్తా స్థాయిలో పెద్దయెత్తు నియామకం రెండు దశాబ్దాలకు పైగా జరగలేదు. 2019లో దాదాపు 8 వేల అసిస్టెంటు పోస్టులకు ప్రకటన వచ్చినప్పుడు, దరఖాస్తుదారుల్లో చాలామంది గత నియామకం నాటికి పుట్టి కూడా ఉండరు. 2000 నాటికి 10 కోట్ల చిల్లర పాలసీలకు లక్షా ఇరవై వేలకు మించిన సిబ్బంది ఉండేవారు. ఇప్పుడు పాతిక కోట్లు దాటిన పాలసీలకు లక్ష, అటూ ఇటూ. ఇందులో యంత్రం మోసిన వాటా పెద్దదే. ఎంతన్నది ఇరుపక్షాలూ కలిసి కొలవవలసిన విషయం.

2022 మేలో ప్రభుత్వం 3.5 శాతం వాటాలను షేరు 949 రూపాయలకు అమ్మింది. ఉద్యోగులకు షేరుకు 45 రూపాయల రాయితీ, పాలసీదారులకు 60. మే 17న షేరు బజారులో అడుగుపెట్టిన నాడే ధర దానికి దిగువన మొదలైంది. కొన్న ఉద్యోగి ఆనాటి నుంచి రెండు మనసులతో బతకాలి. సిబ్బంది ఖర్చు తగ్గితే మదుపరిగా సంతోషించాలి. పక్క కుర్చీ ఖాళీ అయితే గుమాస్తాగా దిగులుపడాలి. ఏడాదికొకసారి వచ్చే మార్చి ఇప్పుడు మూడు నెలలకొకసారి వస్తోంది, ప్రతి త్రైమాసికం చివరా లెక్క చెప్పాలి గనుక. ఒక మేలు కూడా జరిగింది, దానిని దాచనక్కరలేదు. 2021 మే 10 నుంచి శనివారాలన్నీ సెలవులయ్యాయి. ఆదా అయిన గంటలలో కొన్ని ఉద్యోగికి దక్కిన అరుదైన సందర్భమది. అదీ ఒప్పందంగా రాలేదు. ఏప్రిల్ 15 నాటి గెజిట్ ద్వారా వచ్చింది. గెజిట్‌తో వచ్చినది గెజిట్‌తో పోవచ్చు.

48వ సెక్షన్‌లోని ఆ ఉపనిబంధనను 1981 తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ తాకలేదు. కాంగ్రెసు, జనతాదళ్, యునైటెడ్ ఫ్రంట్, భాజపా, వామపక్షాల మద్దతుతో నిలిచిన మొదటి యూపీఏ, అందరూ దానితోనే నడిపారు. 2021లో వాటాల అమ్మకం కోసం ఇదే చట్టానికి పెద్ద సవరణలు చేసినప్పుడు బోర్డు కూర్పు మారింది, మిగులు పంపకం మారింది, మూలధనం మారింది. ఉద్యోగుల అధ్యాయం మారలేదు. అయిదేళ్లకొకసారి వచ్చే వేతన సవరణకు తరువాతి గడువు 2027 ఆగస్టు. సంఘాలు కోర్కెల పత్రం సిద్ధం చేసుకుంటాయి. యాజమాన్యం చర్చలకు పిలుస్తుంది, టీ ఇస్తుంది, దస్త్రాన్ని ఢిల్లీకి పంపుతుంది.